వెడల్పాటి పాదాలకు సైకిల్ బూట్లు: 43 సైజు తీసుకున్నా చిటికెన వేలు మొద్దుబారుతోంది

ప్రశ్న (విజయవాడ, పటమట నుంచి)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా రోడ్డు సైకిలు తొక్కుతున్నాను. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున పటమటలో బయలుదేరి, ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం, ఉండవల్లి మీదుగా కరకట్ట వెంట రాయపూడి దాకా వెళ్లి వస్తుంటాను. ఈ చలికాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) ఒకటి పూర్తి చేయాలని గట్టిగా అనుకున్నాను. పదమూడున్నర గంటల గడువు నాకు సరిపోతుందన్న నమ్మకం ఉంది. నన్ను వెనక్కి లాగుతున్నవి బూట్లు మాత్రమే.

నా పాదాలు చిన్నప్పటి నుంచీ వెడల్పు. మామూలు బూట్లు కూడా పొడవుకు సరిపోయినవి అడ్డంగా పట్టేవి కావు, అందువల్ల ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొనుక్కునేవాడిని. సైకిల్ బూట్ల విషయంలోనూ అదే చేశాను. మొదట 42 తెప్పించుకున్నాను, అది చిటికెన వేలి దగ్గర నొక్కింది. దాన్ని తిరిగి పంపి 43 తెప్పించుకున్నాను. ఇంట్లో నాలుగడుగులు వేసి చూసినప్పుడు బాగానే అనిపించింది. ఇప్పుడు మాత్రం పాతిక కిలోమీటర్లు దాటేసరికి కుడికాలి చివరి రెండు వేళ్లకు తిమ్మిరి మొదలవుతుంది, ఇంకొంచెం దూరం వెళ్లాక అవి పూర్తిగా మొద్దుబారిపోతాయి, ఆ తరువాత అరికాలి ముందు భాగంలో నిప్పు పెట్టినట్టు మంట పుడుతుంది. కట్ట మీద ఆగి, బూటు విప్పి, ఐదు నిమిషాలు కాలు గాలికి పెడితే తగ్గుతుంది. మళ్లీ పది కిలోమీటర్లకు మొదలు.

విచిత్రం ఏమిటంటే, ఇదే బూటులో ముందు బొటనవేలు పట్టేంత ఖాళీ ఉంది, వెనక మడమ పైకి లేస్తోంది. అంటే పొడవు ఎక్కువైంది, వెడల్పు ఇంకా చాలలేదు. బయటి వైపు చిటికెన వేలి దగ్గర బూటు ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు చుట్టూ చెమట ఆరిన ఉప్పు తెల్లగా వంకీలా గీత కట్టింది. తొక్కగా తొక్కగా సర్దుకుంటుందని తెలిసినవాళ్లు చెప్పారు. ఏడు వందల కిలోమీటర్లు దాటింది, ఏమీ సర్దుకోలేదు.

బీసెంట్ రోడ్డు షాపుల్లో అడిగితే ఇటువంటి బూట్లు తెప్పించడం లేదన్నారు. చూసి, తొడిగి కొనే వీలు మన ఊళ్లో తక్కువ కనుక చివరికి ఆన్‌లైనే గతి. ఈసారి డబ్బు వృథా కాకుండా ఎలా ఎంచుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? 44కి వెళ్లమంటారా?

జవాబు (గుంటూరు, అరండల్‌పేట నుంచి)

44కి దయచేసి వెళ్లకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకప్పుడు నేను పడినవే, పైగా నేను చేసిన పొరపాటే మీరూ చేస్తున్నారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

యూరప్ సైజుల్లో ఒక్కో అంకెకు పెరిగే పొడవు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే దాదాపు 6.7 మిల్లీమీటర్లు. అదే అంకెకు పాదం చుట్టుకొలత మాత్రం సుమారు 5 మిల్లీమీటర్లే పెరుగుతుంది. చుట్టుకొలతలో 5 అంటే అడ్డంగా చూస్తే రెండు మిల్లీమీటర్లు కూడా రావు. మీ పాదానికి అడ్డంగా ఏ ఎనిమిది మిల్లీమీటర్లో కావాలనుకోండి, సైజు పెంచి దాన్ని సాధించాలంటే 46 కూడా దాటి వెళ్లాలి. అప్పుడు అది మీ కాలికి బూటుగా పనికిరాదు. పొడవు పెంచడం వల్ల ఇంకో చెరుపు కూడా ఉంది. ప్రతి బూటులోనూ అన్నిటికన్నా వెడల్పుగా ఉండే చోటు ఒకటి ఉంటుంది, మన పాదంలో వెడల్పైన చోటు సరిగ్గా అక్కడ పడాలి. బూటు పొడవైనకొద్దీ ఆ చోటు ముందుకు జరిగిపోయి, మన పాదం వెడల్పు వెనకనున్న సన్నని భాగంలో ఇరుక్కుంటుంది. క్లీట్ (బూటును పెడల్‌కు పట్టించే బిళ్ల) బిగించే రంధ్రాలు కూడా దానితోపాటే ముందుకు జరుగుతాయి, కనుక పెడల్ మీద పడే భారం మునివేళ్ల వైపు పోతుంది. మీకు మంట పుట్టడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

తిమ్మిరి ఎందుకు వస్తుందంటే, వేళ్లకు వెళ్లే నరాలు అరికాలిలోని ఐదు పొడుగాటి ఎముకల మధ్యగా పోతాయి. ఆ ఎముకల చివరలు పక్కల నుంచి దగ్గరగా నొక్కుకుంటే మధ్యనున్న నరం నలుగుతుంది. సైకిల్ బూటు అడుగు మామూలు బూటులా వంగదు, సాగదు. అందువల్ల సర్దుకుంటుందన్న మాట మీద ఆశ పెట్టుకోవద్దు. పైనున్న తోలో బట్టో కాస్త సాగుతుంది కానీ, కింద నైలాన్‌తోనో కార్బన్‌తోనో చేసిన అట్ట వెయ్యి కిలోమీటర్లు తొక్కినా ఒక్క మిల్లీమీటరు పెరగదు.

కొత్తవాటి కోసం వెతికే ముందు ఈ రాత్రి ఒక పని చేయండి. మీ 43 బూటు లోపలి ఇన్‌సోల్ (పాదం కింద పరిచి ఉండే మెత్తటి పొర) బయటకు తీసి నేల మీద పరచి, దాని మీద మడమను చివరికంటా ఆనించి, రెండు కాళ్ల మీద బరువు సమంగా వేసి నిలబడండి. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి చూడమనండి. చిటికెన వేలు, దాని కింద కండ, ఇన్‌సోల్ అంచు దాటి నేలకు ఎంత ఒరిగాయో కళ్లకు కనిపిస్తుంది. నా విషయంలో చిటికెన వేలు దాదాపు సగం బయటే ఉంది. అన్ని నెలలు ఆ సగం వేలిని బూటు గోడకు నొక్కి తొక్కానని అప్పుడు గాని అర్థం కాలేదు.

తరువాత పాదం కొలత తీయండి. గోడకు ఆనించి తెల్లకాగితం పరచి, మడమ గోడకు తగిలేలా నిలబడండి. కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది, నిలబడినప్పుడు పాదం పరుచుకుంటుంది. పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని చుట్టూ గీయించండి. పెన్సిల్ లోపలికి వంగితే గీత పాదం కిందికి పోయి కొలత చెడుతుంది. వంగి మీరే గీసుకోవద్దు, వంగినప్పుడు బరువు మారిపోతుంది. గోడ నుంచి పొడవైన వేలి కొస దాకా పొడవు, బొటనవేలి మొదటి కణుపు నుంచి చిటికెన వేలి కణుపు దాకా వెడల్పు, అదే చోట టేపు చుట్టి చుట్టుకొలత, ఈ మూడూ రెండు కాళ్లకూ రాసుకోండి. సాయంత్రం, వీలైతే కొంతసేపు నడిచాక కొలవండి. మన ఎండల్లో మధ్యాహ్నానికి పాదాలు ఉబ్బుతాయి, బ్రెవేలో మీరు తొక్కేది ఆ ఉబ్బిన పాదాలతోనే.

ఇంకొక్క మాట. మన పాదాలు వెడల్పుగా ఉండటం ఏదో లోపమన్నట్టు షాపుల్లో మాట్లాడతారు, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా మనుషుల పాదాలు కొలిచి, భారతీయుల పాదాలు యూరప్, అమెరికా వారి పాదాలకంటే వెడల్పుగా ఉంటాయని తేల్చింది. ఆ కొలతల ఆధారంగానే ‘భా’ అనే పేరుతో మనకంటూ ఒక సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. సన్నని ఇటలీ పాదాల అచ్చు మీద తయారైన బూటులో మన పాదం పట్టకపోతే తప్పు ఆ అచ్చుదే.

కొలతలు తీసి ఇక్కడ రాయండి, అప్పుడు ఏ రకం చూడాలో మాట్లాడుకుందాం.

జవాబు (గుంటూరు, కొత్తపేట నుంచి)

పైన చెప్పినవన్నీ సరైనవే. అయితే కొత్తవి కొనేలోపు ఉన్నవాటిని కొంత మెరుగు చేసుకోవచ్చు, ఒకసారి ప్రయత్నించి చూడండి.

మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర చెక్కతో చేసిన పాదాల అచ్చులు ఉన్నాయి. నా బూటు చూసి, చిటికెన వేలు తగిలే చోట సుద్దతో గుర్తు పెట్టమన్నారు. అచ్చుకు సరిగ్గా ఆ చోట రెండు పొరల తోలు ముక్క మేకుతో కొట్టి, బూటు లోపలి వైపు తడిచేసి, అచ్చు బిగించి రెండు రాత్రులు అలాగే ఉంచారు. వేలు ఉన్నచోట మాత్రం గుంటలా సాగి నొక్కుడు బాగా తగ్గింది. మిగతా బూటు ఆకారం చెడలేదు. నాది తోలు బూటు. మీది సింథటిక్ అయితే అంత సాగదు, అతుకు వేసిన చోట విడిపోయే ప్రమాదం కూడా ఉంది, కనుక ముందే ఆ సంగతి చెప్పి అడగండి.

ఇన్‌సోల్ మందంగా ఉంటే దాన్ని తీసి పలచనిది వేసి చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లు పాదం కిందికి దిగితే పైన ఆ మేరకు చోటు దొరుకుతుంది. వెల్‌క్రో పట్టీలు మూడుంటే వేళ్ల దగ్గరది పూర్తిగా వదులుగా ఉంచి, మడమ దగ్గరది మాత్రమే బిగించండి. లేసులైతే అన్నిటికన్నా ముందున్న రంధ్రాల జతను వదిలేసి కట్టండి.

జవాబు (అరండల్‌పేట నుంచి, మళ్లీ)

కొత్తపేట వారితో నాకు విభేదం లేదు గాని, ఒక హద్దు చెప్పాలి. ఒక వేలు, ఒక కణుపు, ఒకచోట తగులుతుంటే అచ్చు పని చేస్తుంది. పాదం మొత్తం అట్ట అంచు దాటి ఉంటే పైభాగాన్ని ఎంత సాగదీసినా పాదం అంచున వేలాడుతూనే ఉంటుంది, కింద ఆధారం ఉండదు. ఇన్‌సోల్ మీద నిలబడి చూసే పరీక్ష ఈ రెంటిలో మీది ఏదో తేల్చడానికే.

జవాబు (గుంటూరు, లక్ష్మీపురం నుంచి)

నేను గత మూడేళ్లుగా తొక్కుతున్నాను, మహిళల బూట్లు ఇంకా సన్నగా ఉంటాయి కనుక మగవారి వైడ్ (వెడల్పాటి) రకమే వాడుతున్నాను. మంగళగిరి వైపు, నాగార్జున యూనివర్సిటీ వైపు వెళ్లినప్పుడు దారిలో కలిసే అక్కచెల్లెళ్లకు కూడా ఇదే చెబుతుంటాను, పెట్టె మీద ఏం రాశారన్నది చూడకండి, మీ కొలత ఏమిటో చూడండని.

ప్రశ్న అడిగిన అన్నగారికి రెండు మాటలు. మొదటిది, మీది రోడ్డు సైకిలు కనుక మీరు ఇప్పుడు వాడుతున్నది మూడు రంధ్రాల క్లీట్ అనుకుంటున్నాను. 200 కిలోమీటర్ల ప్రయాణంలో కంట్రోల్ పాయింట్ల (దారిలో మనం వచ్చినట్టు నమోదు చేసే చోట్ల) దగ్గర, టీ బంకుల దగ్గర, పెట్రోలు బంకుల దగ్గర దిగి నడవాల్సి వస్తుంది, ఆ క్లీట్ నున్నటి గచ్చు మీద జారుతుంది. రెండు రంధ్రాల ఎస్‌పీడీ (షిమానో కంపెనీ వారి చిన్న క్లీట్ పద్ధతి) అయితే క్లీట్ అట్టలోకి మునిగి ఉంటుంది, మామూలుగా నడవవచ్చు. పైగా రెండు రంధ్రాల బూట్లలో వెడల్పాటి అచ్చు మీద చేసినవి ఎక్కువగా కనబడుతున్నాయని నా అనుభవం. పెడళ్లు కూడా మార్చాలి, ఆ ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

రెండవది, షిమానో వారు ఎస్‌పీడీ క్లీట్ పట్టే శాండల్స్ కూడా తయారు చేస్తారు. ముందు భాగం తెరిచి ఉంటుంది, పట్టీలు మనకు కావలసినంత వదులు చేసుకోవచ్చు, వేళ్లకు గోడ అనేదే ఉండదు. గుంటూరు మే నెల ఎండలో మూసి ఉన్న బూటులో కాలు పెట్టి తొక్కినవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. మీ సైజులో దొరికితే వదలకండి.

మధుమేహం ఉన్నవారు, సైకిలు దిగాక కూడా తిమ్మిరి పోనివారు మాత్రం బూట్ల సంగతి పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించుకోవాలి. అన్నగారికి విప్పగానే తగ్గుతోంది కనుక బూటే కారణమని నేను అనుకుంటున్నాను.

ప్రశ్న అడిగినవారు (పటమట నుంచి)

అందరికీ ఎంతో కృతజ్ఞుడిని. నిన్న సాయంత్రం నడిచి వచ్చాక మా అబ్బాయి చేత గీయించాను. ఎడమ పాదం పొడవు 258 మిల్లీమీటర్లు, వెడల్పు 107. కుడి పాదం పొడవు 261, వెడల్పు 110, చుట్టుకొలత 266. ఇన్‌సోల్ మీద నిలబడితే కుడికాలి చిటికెన వేలు పూర్తిగా బయట ఉంది, దాని వెనక కండ కూడా వేలెడు పొడవున అంచు దాటి నేలను తాకుతోంది. ముందు వైపు మాత్రం బొటనవేలి కొసకూ ఇన్‌సోల్ కొసకూ మధ్య రెండు వేళ్ల ఎడం మిగిలింది. ఇంత స్పష్టంగా ఉంటుందని అనుకోలేదు. ఇన్నాళ్లూ నేను పెద్ద సైజు మనిషినే అనుకున్నాను.

జవాబు (అరండల్‌పేట నుంచి)

ఇంకేముందండీ, అంతా తేలిపోయింది. షిమానో పట్టికలో 41 అంటే 25.8 సెంటీమీటర్లు, 42 అంటే 26.5, 43 అంటే 27.2. మీ పెద్ద పాదం 26.1. అంటే మీకు కావలసింది 42, అది కూడా వైడ్ రకంలో. మొదట మీరు తిప్పి పంపిన 42 పొడవుకు సరిగ్గానే ఉంది, మామూలు వెడల్పుది కావడం వల్ల నొక్కింది. అప్పుడే ఆ తేడా ఎవరైనా చెప్పి ఉంటే మీకు ఈ ఏడు వందల కిలోమీటర్ల బాధ తప్పేది.

ఎప్పుడూ పెద్ద పాదం కొలతకే కొనండి. చిన్న పాదానికి కాస్త మందమైన ఇన్‌సోల్ వేసుకుంటే సరిపోతుంది.

షిమానో వారు చాలా మోడళ్లలో మామూలు వెడల్పుతోపాటు వైడ్ కూడా చేస్తారు. మోడల్ పేరు, రంగు ఒకటే కావడం వల్ల చాలామంది మామూలుదే తెప్పించుకుంటారు. ఆర్డరు పెట్టే ముందు పేజీలో ‘వైడ్’ అన్న మాట ఉందో లేదో, అమ్మేవారు పంపే బిల్లులో కూడా ఉందో లేదో చూసుకోండి. వైడ్‌లో అన్ని సైజులూ దొరకవు కనుక కొంత ఓపిక పట్టాలి. లేక్ కంపెనీ వైడ్‌తోపాటు ఎక్స్‌ట్రా వైడ్ కూడా చేస్తుంది, వెడల్పాటి పాదాలవారు ఎక్కువగా చెప్పుకునే పేరు అదే, అయితే ధర ఎక్కువ. బయటి నుంచి తెప్పిస్తే సుంకం కూడా కలుస్తుంది. బాంట్ బూట్లు వేడి చేసి పాదం ఆకారానికి మలచుకునే రకం. జీరో (Giro) అనే కంపెనీ బూట్లలో హెచ్‌వీ అని రాసినవి లోపల చోటు ఎక్కువ ఉన్నవి. పాదం ఎత్తు కూడా ఎక్కువైతే అవి చూడవచ్చు. మీ వెడల్పుకు ముందు షిమానో వైడ్ ప్రయత్నించి, అది కూడా చాలకపోతే లేక్ వైపు వెళ్లమని నా సలహా.

బూట్లు వచ్చాక క్లీట్లు వెంటనే బిగించవద్దు. బిగిస్తే అట్ట మీద గీతలు పడతాయి, తిరిగి తీసుకోరు. సాయంత్రం పూట మీరు తొక్కేటప్పుడు వేసుకునే మేజోళ్లే వేసుకుని, బూట్లు తొడిగి ఇంట్లో గచ్చు మీద గుడ్డ పరచి నలభై నిమిషాలు కూర్చోండి, మధ్యమధ్య మునివేళ్ల మీద లేవండి. వేళ్లు లోపల విడివిడిగా కదలాలి. మడమ లేవకూడదు. ఏదైనా ఒకచోట నొక్కినట్టు అనిపిస్తే అది రోడ్డు మీద రెట్టింపు అవుతుందే గాని తగ్గదు, మొహమాటం లేకుండా తిప్పి పంపండి.

బూటు వెడల్పైతే లోపలి వైపు క్రాంక్‌కు (పెడల్ బిగించి ఉండే కడ్డీకి) రాసుకోవచ్చు. అప్పుడు క్లీట్‌ను అడ్డంగా ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలి వైపు జరిపితే పాదం బయటికి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు (పటమట నుంచి, మూడు వారాల తరువాత)

ఏమైందో చెప్పడం నా బాధ్యత అనుకుని రాస్తున్నాను. లక్ష్మీపురం చెల్లెలుగారు చెప్పినట్టు ఎస్‌పీడీకి మారాను. 42 వైడ్, రెండు రంధ్రాలది, తొమ్మిది రోజులకు వచ్చింది. మొదటి రాత్రే ఇన్‌సోల్ తీసి దాని మీద నిలబడ్డాను. కుడికాలి చిటికెన వేలు అంచు మీద ఉంది కాని బయటకు పోలేదు. నలభై నిమిషాలు కూర్చున్నాను, ఎక్కడా నొక్కలేదు, అప్పుడు క్లీట్లు బిగించాను.

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి రాయపూడి దాటి వెళ్లి వచ్చాను, మొత్తం 64 కిలోమీటర్లు. ఎప్పుడూ బూటు విప్పే చోట ఈసారి ఆగలేదు. చిటికెన వేలికి తిమ్మిరి రాలేదు. అయితే యాభై కిలోమీటర్ల తరువాత కుడి అరికాలిలో మంట కొద్దిగా తెలిసింది, మునుపటిలో పావు వంతు కూడా లేదు. దీనికి ఏం చేయాలి?

జవాబు (కొత్తపేట నుంచి)

చాలా సంతోషమండి. క్లీట్‌ను మడమ వైపు జరపండి, ఒక్కసారే కాకుండా మూడు మిల్లీమీటర్లు జరిపి రెండు రోజులు తొక్కి, ఇంకా ఉంటే మరో రెండు. జరిపే ముందు ఇప్పుడున్న చోటు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకోండి, లేకపోతే తిరిగి అక్కడికి రాలేరు. రెండు క్లీట్లూ సమానంగా జరపండి. వెనక్కి జరిపినప్పుడు సీటు కూడా ఒకటి రెండు మిల్లీమీటర్లు దించాల్సి రావచ్చు.

ప్రశ్న అడిగినవారు (పటమట నుంచి)

నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఆగాను. నిన్న మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లి వచ్చాను, మంట రాలేదు. పాత 43 బూట్లు శుభ్రం చేసి ఉంచాను. పాదం పొడవు 27 సెంటీమీటర్లు దాటి, వెడల్పు 100 మిల్లీమీటర్లలోపు ఉన్నవారు విజయవాడలో ఎవరైనా ఉంటే ఇన్‌సోల్ మీద నిలబడి చూసుకుని ఉచితంగా తీసుకెళ్లవచ్చు.